డస్టరు పంచాయితీ

మొన్న వేసవి సెలవుల్లో మా టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, మా అందరికంటే చిన్నది, కుర్చీలన్నీ గుండ్రంగా వేయించి చేతిలో ఒక రబ్బరు బంతి పట్టుకుంది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. బడిలో నలుగురు చేరి ఒకరిని ఏడిపిస్తే, ఏడిపించినవాళ్లను కొట్టి పంపించేయడం కాకుండా ఇలా అందరినీ కూర్చోబెట్టాలట. జరిగిన నష్టాన్ని వాళ్ల చేతనే బాగు చేయించాలట. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది. నా పక్కనున్న సైన్సు మాస్టారు రెండుసార్లు పలకబోయి వదిలేశాడు. "దీన్ని తెలుగులో ఏమంటారు మేడమ్?" అని నన్ను అడిగాడు, నేను తెలుగు టీచర్ని కదా అని.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో దాన్ని డస్టరు పంచాయితీ అన్నారు. అది జరిగింది నా వల్లే. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఏడిపించినదాన్ని నేనే అని నలుగురిలో ఒప్పుకోవడం నలభైకి దగ్గరపడినా సులువు కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను ఏడో తరగతి. ఆ యేడు వాన రాలేదు. మా పక్క వాన రాని యేడును ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు, వచ్చిన యేడునే చెప్పుకుంటారు. శెనక్కాయ చెట్లు పీకితే అడుగున నాలుగు లొట్ట కాయలు వచ్చాయి. సంక్రాంతి పోయేసరికి గుట్టల మీద గడ్డి కూడా లేదు, ఎర్రమట్టీ రాళ్లూ తప్ప. పొద్దున మాత్రం చలి బాగా ఉండేది. మేము బడి వరండాలో ఎండ పడేచోట వరసగా కూర్చుని, డబ్బాలు తెరిచి, జొన్నరొట్టెలో శెనక్కాయల ఊరిమిండి పచ్చడి అద్దుకుని, మధ్యాహ్నం తినాల్సింది పొద్దున్నే సగం లాగించేవాళ్లం. మధ్యాహ్నం మళ్లీ ఎవరి డబ్బాలో ఏముందో వెతుక్కునేవాళ్లం.

మేమంటే ముగ్గురం. నేను, నా వెనక తిరిగే ఇద్దరు స్నేహితురాళ్లు. మా నాయన ఊరి పెద్ద. భూమి తగాదా అయినా, అన్నదమ్ముల పంపకం అయినా ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని తేల్చేవాడు. తప్పు చేసినవాళ్లు జరిమానా కింద ఏదో ఒకటి కట్టి పోయేవాళ్లు, దాన్నే తప్పు కట్టడం అంటారు. ఊళ్లో ఆయన మాటకు ఎంత విలువో, బళ్లో నా మాటకు అంత విలువ ఉండాలని నాకు ఎవరు చెప్పారో తెలియదు గాని, నేను గట్టిగా నమ్మాను.

ఆ పిల్ల ఆ యేడే మా బళ్లో చేరింది. గుట్ట అవతల కొట్టాల్లో గొర్రెలు కాచేవాళ్ల పాప. చలికి వాళ్ల నాయన కంబళి కప్పుకుని మూడు మైళ్లు నడిచి వచ్చేది. నల్లటి కంబళి, అంచుకు తెల్ల చార. ఎండెక్కాక దాన్ని మడిచి ప్రహరీ గోడ మీద పెట్టేది. దానికి పొగ వాసన, గొర్రె పాల వాసన, తడిసి ఆరిన ఉన్ని వాసన ఉండేవి. ఆమె వరండాలోకి రాగానే మేము ముక్కులు మూసుకునేవాళ్లం. పక్కన కూర్చుంటే డబ్బాలు లాక్కుని జరిగేవాళ్లం. కంబళి అని పేరు పెట్టాం. ఇదంతా ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదని రాయాలని ఉంది. కానీ గుర్తుంది. నేనే.

రిపబ్లిక్ డేకి పది రోజుల ముందు అటెండరు జెండా కర్రకు కొత్త తాడు కట్టి, పైన చక్రానికి నూనె పోశాడు. మేం ముగ్గురం జెండా పాట పాడేవాళ్లలో ఉన్నాం కాబట్టి ముందే వచ్చి సాధన చేస్తున్నాం. ఎండెక్కేసరికి గోడ మీద కంబళి కనిపించింది. తాడు చేతిలో ఉంది. నేను ముడి వేశాను, ముగ్గురం కలిసి లాగాం. అది పైకి పోయి విచ్చుకుంది. ఆరో తరగతి మగపిల్లలు పరుగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. కడుపు పట్టుకుని నవ్వాను. ఎంత బాగుందో ఆ క్షణాన, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ పిల్ల తరగతి గదిలోంచి బయటికి వచ్చి పైకి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. నేరుగా వచ్చి తాడు విప్పింది. కంబళి కొస పైన చక్రం ఇనుములో ఇరుక్కుంది. ఆమె లాగింది. జర్రున చినిగింది. జానెడు మేర చిరుగు. దాన్ని మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది. పుస్తకాల సంచి బెంచీ కింద అలాగే ఉండిపోయింది.

రెండు రోజులు రాలేదు. మూడో రోజు మా లెక్కల సారు సంచి చూసి ఆరా తీశాడు. ఆయనే మా క్లాస్ టీచరు, ఆ యేడే బదిలీ మీద వచ్చినవాడు, ఎక్కువ మాట్లాడని మనిషి. అటెండరు అంతా చెప్పేశాడని తెలిసింది. ఇక అరచేతులు వాచిపోతాయని మాకు రూఢి అయింది. ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కోసి రసం పూసుకుంటే బెత్తం దెబ్బ తగలదని నా స్నేహితురాలు ఎక్కడో విన్నదట. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, వంటింట్లో ఎర్రగడ్డ దొంగిలించి, ముగ్గురం అరచేతులకు పూసుకుని వచ్చాం. గది గదంతా కంపు.

సారు లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చాడు. మా దగ్గరకు వచ్చి, చాపిన మా చేతుల వైపు చూశాడు. నవ్వు ఆపుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

"చేతులు దించండి మే. కొట్టను" అన్నాడు. "ఒకటే అడుగుతా. తాడు లాగేటప్పుడు మీ మనసులో ఏముండె?"

అంతకుముందు ఎందుకు చేశావని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ వాళ్లకు జవాబు అక్కర్లేదు, అడుగుతూనే బెత్తం ఎత్తేవాళ్లు. ఈయన నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. అది నాకు బెత్తం కంటే వింతగా తోచింది. ఇంటికి పోయేదాకా ఆలోచించాను. నా మనసులో ఏముండిందో నాకే తెలియలేదు.

సాయంత్రం సారు సైకిల్ మీద కొట్టాలకు పోయి వచ్చాడు. మర్నాడు మా ముగ్గురినీ పిలిచాడు. "ఈడ మేత లేదు కాబట్టి వాళ్ల మంద వచ్చే సోమవారం కాలువల దిక్కు కదుల్తాండాది. వానలు పడేదాకా రారు. ఆర్నెల్లు. ఆ పాపను ఈడనే కొట్టాల్లో వాళ్ల అవ్వ దగ్గర విడిచి చదివించాలని ఉండిరి. ఇప్పుడు బడికి పోనంటాండాదంట. ఎందుకని అడిగితే చెప్పదంట. నేనూ చెప్పల్యా, అది మీరు చెప్పాల్సిన మాట. ఇంక మందతో తోలుకపోతారు. పోతే దాని చదువు అంతటితో సరి."

నాకు మొదట భయం వేయలేదు. ఆశ్చర్యం వేసింది. నేను ఒక తాడు లాగితే ఇంకొకరి చదువు ఆగిపోతుందా? ఆ రెంటికీ లంకె ఎక్కడుందో పట్టుకోవాలని మనసులో పదిసార్లు తిప్పి చూశాను. ప్రతిసారీ లంకె దగ్గర నేనే ఉన్నాను.

సారు మా ఇంటికీ ఆ పిల్ల వాళ్ల ఇంటికీ అటెండరుతో కబురు పంపాడు. గురువారం సాయంత్రం పెద్దలు బడికి వస్తే కూర్చుని మాట్లాడుకుందాం, అంతే ఆయన చెప్పింది. అటెండరు ఊరు దాటేలోపు అది బళ్లో పంచాయితీ అయిపోయింది. మా ఊళ్లో రెండు పక్షాల పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడానికి అదొక్కటే పేరు.

గురువారం మా నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. వరండాలో చాపలు గుండ్రంగా పరిచి ఉన్నాయి. సారు అప్పటికే కింద కూర్చున్నాడు, ఆయన పక్కన మేం ముగ్గురం.

"ఏం సార్, కుర్చీ ఒకటైనా లేదా మీ బళ్లో?"

"అందరం కిందనే కూచుందామన్నా. మీతో వచ్చినోళ్లు గేటు కాడ ఉంటారు లెండి."

నాయన నా వైపు చూసి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోవడం పెళ్లి బంతుల్లో తప్ప నేను చూడలేదు.

అంతలో ఆ పిల్ల, వాళ్ల నాయన వచ్చారు. వాళ్లమ్మ గేటు బయటే నిలబడిపోయింది. ఆయన మెడ చుట్టూ ఒక గొర్రెపిల్ల ఉంది, కాళ్లు రెండు చేతులతో పట్టుకున్నాడు. శుభ్రంగా కడిగి తెచ్చినట్టున్నాడు, తెల్లగా ఉంది. వచ్చి, వంగి, దాన్ని మా నాయన ముందు దించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేందప్పా?" అన్నాడు నాయన.

"తప్పు సామీ."

"ఏం తప్పు?"

"ఏం తప్పో తెల్దు సామీ. బళ్లో పంచాయితీ, మీరు వస్తాండారని చెప్పినారు. మమ్మల్ని పిలిస్తే కట్టేదానికే గదా పిలిచేది. మా పాప ఏం చేసిందో నోరు తెరిచి చెప్పల్యా. కంబళి చించుకోని వచ్చింది. యాడ ఆడుకోని చించినావని నాలుగు తగిలించినా. అయినా చెప్పల్యా."

గొర్రెపిల్ల నేల మీద పడి ఉన్న సుద్దముక్కను వాసన చూస్తోంది. ఆమెకు దెబ్బలు పడ్డాయని అప్పటిదాకా నాకు తెలియదు. నా చేతులకు పడాల్సినవి ఆమె వీపు మీద పడ్డాయి. ఎర్రగడ్డ రసం పూసుకున్న సంగతి తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సారు ఆయన చేయి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టాడు. "ఇది పంచాయితీ కాదన్నా. ఈడ తప్పు కట్టేది లేదు" అని, బల్ల మీది డస్టరు తెచ్చాడు. "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడతారు. మిగతావాళ్లు ఇంటారు. అంతే."

"నేను కూడానా సార్?" అన్నాడు నాయన.

"మీరు కూడా అన్నా."

డస్టరు ముందు నా చేతికి ఇచ్చాడు. "ఏం జరిగిందో చెప్పు. ఆ పాప పేరు చెప్పి మొదలుపెట్టు."

నేను నోరు తెరిచాను. పేరు రాలేదు. ఏడు నెలలు ఒకే గదిలో కూర్చున్నాం. హాజరు నంబర్లతో పిలిచేవాళ్లు, ఆమె ముప్పై ఒకటి. మిగతా సమయమంతా కంబళి. ఆమె అసలు పేరేమిటో నాకు తెలియదు. నా స్నేహితురాళ్ల వైపు చూశాను, వాళ్లు నేల చూపులు చూశారు. చివరికి ఆ పిల్లే తన పేరు తాను చెప్పింది, చాలా మెల్లగా.

సారు డస్టరు కోసం చేయి చాచాడు. "నేను కూడా నంబరుతోనే పిలుస్తా ఉంటి. ఆ తప్పు నాది. రేపటినుంచి పేర్లతో పిలుస్తా" అని డస్టరు మళ్లీ నాకు ఇచ్చాడు.

అప్పుడు చెప్పాను. ముక్కులు మూసుకోవడం, డబ్బాలు జరపడం, జెండా కర్ర, అన్నీ. మధ్యలో నేను ఆగితే సారు కూడా ఆగాడు గాని సాయం చేయలేదు. చెప్పడం అయ్యాక ఆ పిల్ల నాయన చేయి ముందుకు చాచాడు. ఆయనకు డస్టరు కావాలని నాకు ఒక క్షణం అర్థం కాలేదు. పంచాయితీలో చేతులు కట్టుకుని నిలబడటమే తెలిసిన మనిషి, డస్టరు నియమాన్ని అందరికంటే ముందు పట్టుకున్నది ఆయనే. డస్టరు తీసుకుని కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు గాదా చించింది?" అన్నాడు. "నేను కొడ్తి గదా పాపా."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కాదనా, పరవాలేదనా, నాకు తెలియలేదు.

డస్టరు మా నాయన దగ్గరికి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. సుద్దపొడి ఇస్త్రీ చొక్కా మీద రాలింది. "దీన్ని ఎత్తుకపో అప్పా" అన్నాడు చివరికి గొర్రెపిల్లను చూపించి. "మా పాప చేసిందానికి ఏం చేస్తే సరిపోతాదో నాకు తెల్దు. ఆ పాపనే అడగండి సార్."

ఆమె డస్టరును ఒళ్లో పెట్టుకుని దాని గుడ్డ అంచును గోటితో గీరుతూ కూర్చుంది. ఎవరూ తొందర పెట్టలేదు.

"వాళ్లే కుట్టాల" అంది.

"కొత్తది తెప్పిస్తాలే పాపా" అన్నాడు మా నాయన. సారు ఆయన ఖాళీ చేతుల వైపు చూశాడు. నాయన నాలుక కరుచుకున్నాడు.

"కొత్తది వద్దు. వాళ్లే కుట్టాల. ఎట్ల కుట్టాలనో మా అవ్వ చెప్తాది."

"బడికి వస్తావా మరి?" అని అడిగాడు సారు.

"తెల్దు సార్."

ఆ రాత్రి ఇంట్లో నాయన నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం దగ్గర అమ్మతో మాత్రం, "ఆ మనిషి తప్పు కట్టేదానికి గొర్రెపిల్లను కడుక్కోని వచ్చినాడే" అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ అదే మాట అన్నాడు.

శుక్రవారం, శనివారం బడి వదలగానే, ఆదివారం పొద్దున్నే, మూడు పూటలు కొట్టాలకు పోయాం. వాళ్ల అవ్వ గుడిసె ముందు కంబళి పరుచుకుని కూర్చుని ఉంది. చేతులు కొద్దిగా వణికేవి, చూపు మాత్రం సూటిగా ఉండేది.

"మీలో ముందు తాడు పట్టిందెవరు?"

నేను చేయి ఎత్తాను.

"అయితే నువ్వే మొదలుపెట్టు."

కంబళికి మాసిక వేయడం గుడ్డకు వేసినట్టు కాదు. ముందు కదురు మీద ఉన్ని వడికించింది. నేను వడికిన దారం ఒకచోట పురికొస లావు, ఒకచోట వెంట్రుక సన్నం. దానికి చింతగింజల గంజి పట్టించాలి. ఆ గంజి ఉడుకుతుంటే వచ్చే పుల్లటి కమ్మటి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను. ఆరిన దారాన్ని దబ్బనానికి ఎక్కించి, చిరుగుకు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, పైకీ కిందికీ నేసినట్టు పోవాలి. "గుంజద్దు పాపా. గుంజితే పక్కది తెగతాది" అనేది అవ్వ. రెండు గంటలకు వేలెడు నేత అయ్యేది. మధ్యలో వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క పెట్టేది. తోడేళ్ల సంగతులు, కాలువల కింద పచ్చగా ఉండే ఊళ్ల సంగతులు చెప్పేది. అక్కడ ఏడాది పొడుగునా నీళ్లు కనిపిస్తాయంటే మేం నమ్మలేదు.

ఆ పిల్ల మాకు వీపు పెట్టి గుడిసె వాకిట్లో కూర్చుని లెక్కలు చేసుకునేది. వాళ్లమ్మ ప్రయాణానికి మూటలు కడుతూ తిరిగేది. నేను ఏదో ఒకటి మాట్లాడించాలని చూసేదాన్ని. గొర్రెలన్నీ ఒకటే మాదిరి ఉంటాయి కదా, నీదేదో ఎలా తెలుస్తుంది అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలని ఉండింది. ఆమె తిరిగి చూసి, "ఆడ గాదు, ఈడ పోవాల దబ్బనం" అని మాత్రం చెప్పింది. మూడు రోజుల్లో ఆమె నాతో అన్నది అంతే.

శనివారం బళ్లో సారును అడిగేశాను, మమ్మల్ని ఎందుకు కొట్టలేదని. ఆయన సుద్ద చేతులు దులుపుకున్నాడు. "ముందు పనిచేసిన ఊళ్లో ఇట్లనే జరిగితే బాగా కొట్టినా. కొట్టించుకున్నోళ్లు రెండు దినాల్లో మర్సిపోయినారు. ఏడ్సినోడు మాత్రం మళ్లా బడికి రాల్యా. ఎందుకు రాలేదో నేను పోయి అడగల్యా." అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి మాసిక పూర్తయింది. వంకరగా, ఉబ్బెత్తుగా, దూరం నుంచి కూడా తెలిసిపోయేలా ఉంది. అవ్వ అరచేత్తో రుద్ది చూసి, "చలి ఆగతాది" అంది. రేపు బడికి వస్తావా అని ఆ పిల్లను అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమె కూడా చెప్పలేదు. దాని ఇష్టం అన్నాడు వాళ్ల నాయన.

సోమవారం మొదటి గంట కొట్టారు. ఆమె బెంచీ ఖాళీ. కాసేపటికి దూరం నుంచి గంటల చప్పుడు వినిపించింది. మా బడి ముందున్న దారి మీదుగానే మంద వచ్చింది. దుమ్ము కిటికీల్లోంచి లోపలికి కొట్టింది. ముందు వాళ్ల నాయన, వెనక గొర్రెలు, ఆ వెనక మూటలు మోస్తున్న గాడిదలు, అన్నిటికీ వెనక వాళ్లమ్మ. నేను కిటికీకి అతుక్కుపోయి మందలో ఆ పిల్ల కోసం వెతికాను. కనిపించలేదు. కనిపించలేదంటే దుమ్ములో ఉందేమో అనుకున్నాను.

వెనక తలుపు దగ్గర అలికిడి అయింది. ఆమె వచ్చి నిలబడి ఉంది. సారు తల ఊపాడు. ఆమె పోయి తన చోట కూర్చుని కిటికీ వైపు తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. గొర్రెలను లెక్కపెడుతోంది. సారు బోర్డు మీద రాస్తున్నవాడు ఆపి, మంద మొత్తం దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. వాళ్లమ్మ బడి ముందు నడక తగ్గించింది, కిటికీల వైపు చూసింది. మంద ఆగదు కాబట్టి ఆమె కూడా ఆగలేదు.

నేను సంతోషం పట్టలేకపోయాను. మేం పాడు చేసిందాన్ని మేమే బాగు చేశాం అనుకున్నాను. ఆ రోజంతా గాల్లో తేలినట్టే ఉండింది.

తర్వాత పదో తరగతి దాకా ఆమె మాతోనే చదివింది. మా ముగ్గురి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. అడిగితే లెక్క చెప్పేది. మేము స్నేహితులం కాలేదు. అవుతామని నేను చాలాకాలం ఎదురుచూశాను. ఆ పని మాసిక వేసినంత తొందరగా కాదని, అసలు కావాలని రాసి కూడా లేదని అర్థమయ్యేసరికి ఆమె వేరే ఊరు వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున, అంటే మంద పోయిన మర్నాడు, అమ్మ మా ఇంటి వెనక అరుగు మీద నాకు జడలు వేస్తోంది. బడికి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మడిచి కట్టాలి. ఉన్నట్టుండి అడిగాను.

"అమ్మా, ఆర్నెల్లు నువ్వు లేకుంటే నాకు జడలు ఎవరేస్తారు?"

"ఏమే, నేను యాడికి పోతా?" అంది అమ్మ, దువ్వెనతో నెత్తి మీద ఒకటి తట్టి.

ఆ పిల్ల బడికి తిరిగి రావడమంటే ఎవరిని వదిలి రావడమో అప్పటిదాకా నేను అనుకోనే లేదు.

ఆ రోజు ఆమె బడికి తన జడలు తానే వేసుకుని వచ్చింది. వాళ్ల అవ్వకు చేతులు వణుకుతాయి. పాపిడి వంకర, ఒక జడ చెవి పైన, ఒకటి చెవి కింద. రిబ్బను ఒకటి అప్పటికే జారిపోతోంది. తరగతి అంతా చూసింది. ఎవరం నవ్వలేదు.